పొరపాటు బ్యాన్ల అప్పీలు మనిషి చదవాలి: ఆన్‌లైన్ గేమ్ కంపెనీల సపోర్ట్ విభాగాలకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి బహిరంగ లేఖ

ఆన్‌లైన్ గేమ్ కంపెనీల కస్టమర్ సపోర్ట్ విభాగాల్లో పనిచేసేవారికి, ఇండియాలో ఆ కంపెనీల తరఫున ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్లకు,

నమస్కారం.

మేము నెల్లూరు, కావలి, కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు ఊళ్ళలో గేమింగ్ సెంటర్లు నడిపేవాళ్ళం, సెల్ రిపేరు షాపులవాళ్ళం, ఇళ్ళకు నెట్ కనెక్షన్లు ఇచ్చేవాళ్ళం. అకౌంట్ బ్యాన్ అయిన (ఆట నుంచి తీసేసిన) పిలకాయలు మీకు టికెట్ (ఫిర్యాదు) పెట్టకముందే మా దగ్గరికి వస్తారు. వాళ్ళలో చీట్ (ఆటలో మోసం చెయ్యడానికి వాడే సాఫ్ట్‌వేర్) వాడినవాళ్ళూ ఉంటారు. ఈ లేఖ వాళ్ళ కోసం రాయడం లేదు. చీట్ వాడినవాణ్ణి మీరు తీసేస్తే మాకు సంతోషమే, వాడివల్ల నష్టపోయేది పక్క సీట్లో కూర్చుని నిజాయితీగా ఆడే పిల్లవాడే గదా. డబ్బు పందెం పెట్టి ఆడే రమ్మీ, పేకాట యాప్‌ల సంగతి కూడా ఇది కాదు. వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం చట్టం చేసింది. మామూలు ఆటలు ఆడేవాళ్ళ మీద పొరపాటున పడే బ్యాన్ గురించి, దాని మీద పెట్టుకున్న అప్పీలు మీ దగ్గర నడిచే తీరు గురించి మాత్రమే చెప్పదలిచాం.

అడిగేది ఒక్కటే. బ్యాన్ వేసేది సాఫ్ట్‌వేర్ అయినా ఫర్లేదు. అప్పీలును మాత్రం మనిషి చదవాలి, చదివే మనిషికి ఆధారం కనపడాలి, ఏ రకం తప్పు కింద బ్యాన్ పడిందో ఆడేవాళ్ళకు చెప్పాలి. ఇప్పుడు జరుగుతున్నది అది కాదు. టికెట్ పెట్టిన కొద్ది నిమిషాల్లోనే "మీ అకౌంట్‌ను పరిశీలించాం, నిర్ణయం సరైనదే, ఇదే తుది జవాబు" అని వస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లో ఏ మనిషీ ఆట లాగులు (సర్వర్ రాసుకున్న ఆట వివరాలు) తెరిచి చూడలేడని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

మా సాఫ్ట్‌వేర్ పొరబడదు అనే మాట మీ జవాబుల్లో ధ్వనిస్తుంది కాబట్టి, అందరికీ తెలిసిన మూడు సంఘటనలు గుర్తుచేస్తాం. 2010 జులైలో, స్టీమ్ అనే ఆటల వేదికను నడిపే వాల్వ్ సంస్థ యాంటీ-చీట్ (చీట్లను పట్టే సాఫ్ట్‌వేర్) మోడరన్ వార్‌ఫేర్ 2 ఆడే సుమారు 12,000 మందిని తప్పుగా బ్యాన్ చేసింది. స్టీమ్ అప్‌డేట్ వల్ల డిస్క్ మీద ఫైలు మారింది, మెమరీలో మాత్రం పాతదే నడుస్తోంది. రెండూ సరిపోలకపోతే యాంటీ-చీట్ దాన్ని మోసమనుకుంది. ఆ సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ క్షమాపణ చెప్పి, బ్యాన్లు తీసేసి, వాళ్ళకు ఇంకో ఆట ఉచితంగా ఇచ్చారు. 2023 అక్టోబర్‌లో ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో యాంటీ-ల్యాగ్ ప్లస్ అనే సెట్టింగ్ వచ్చింది. అది కౌంటర్-స్ట్రైక్ 2 ఇంజిన్ ఫైళ్ళలోని ఫంక్షన్లను దారి మళ్ళించి పనిచేసేది. చీట్లు చేసే పని కూడా అదే కాబట్టి దాన్ని ఆన్ చేసినవాళ్ళకు బ్యాన్లు పడ్డాయి. వాళ్ళు చేసిందల్లా తమ కార్డు తయారుచేసిన కంపెనీ ఇచ్చిన బటన్ నొక్కడమే. డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు, బ్యాన్లూ ఎత్తేశారు. 2024 అక్టోబర్‌లో కాల్ ఆఫ్ డ్యూటీ ఆటల కంపెనీ యాక్టివిజన్ తన రికోషే యాంటీ-చీట్‌లోని లోపం వల్ల సవ్యంగా ఆడే కొందరి అకౌంట్లు బ్యాన్ అయ్యాయని ఒప్పుకుని తిరిగిచ్చింది. వేలమంది ఒక్కసారి అరిస్తే తప్పు బయటపడుతుంది. ఒక్కడికే జరిగితే, అందులోనూ వాడు కావలిలో ఇంటర్ చదివే పిల్లవాడైతే, వాడి గొంతు మీదాకా రాదు.

మా ఊళ్ళలో పొరపాటు బ్యాన్లు ఎక్కడ పుడుతున్నాయో వివరంగా చెప్తాం. మీ ఆఫీసుల్లో కూర్చుంటే ఇవి కనపడవు.

మొదటిది కంప్యూటర్ గుర్తింపు. మీ హార్డ్‌వేర్ బ్యాన్ (సిస్టమ్ మీదే పడే బ్యాన్) మదర్‌బోర్డు యూయూఐడీ (బోర్డు గుర్తింపు నంబర్), డిస్క్ సీరియల్ నంబర్, నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసు, టీపీఎం (భద్రతా చిప్) లాంటివాటిని కలిపి చూస్తుంది. ప్రతి బోర్డుకూ యూయూఐడీ వేరుగా ఉంటుందని మీ లెక్క. సెంటర్లలో వాడే చవక బోర్డుల్లో చాలావాటికి తయారీలో ఆ నంబర్ రాయనే రాయరు. 03000200-0400-0500-0006-000700080009 అనే నంబర్‌ను మీ డేటాలో వెతికి చూడండి. ఒకే నంబర్‌తో ప్రపంచంలో ఎన్ని బోర్డులున్నాయో మీకే తెలుస్తుంది. అది బయోస్‌తో (బోర్డులో ముందే ఉండే ప్రోగ్రామ్‌తో) వచ్చే ఖాళీ నమూనా నంబర్, ఏ ఒక్క బోర్డుకూ సొంతం కాదు. సీరియల్ నంబర్ ఉండాల్సిన చోట "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" (తయారీదారు నింపాలి) అని ఉండే బోర్డులూ అంతే. ఇలాంటి బోర్డు మీద ఎక్కడో ఒకడు చీట్ వాడితే, అదే నంబర్ ఉన్న ఒంగోలు సిస్టమ్ కూడా దోషి అవుతుంది.

దానికి తోడు సెంటర్‌లో ఇరవై సిస్టమ్‌లుంటే ఒక్కొక్కదానిలో విండోస్ విడిగా ఎక్కించరు. ఒకదాన్ని సిద్ధం చేసి, దాని డిస్క్ ఇమేజ్‌ను (డిస్క్ మొత్తం నకలును) మిగతావాటికి క్లోన్ చేస్తారు. సిస్‌ప్రెప్ (పాత గుర్తింపులు తీసేసే విండోస్ టూల్) చెయ్యకుండా క్లోన్ చేస్తే విండోస్ రిజిస్ట్రీలోని మెషీన్ గైడ్ అనే గుర్తింపు నంబర్ అన్నిటికీ ఒకటే అవుతుంది. రీస్టార్ట్ చెయ్యగానే పాత స్థితికి వెళ్ళే ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ కూడా సెంటర్లలో ఉంటుంది, వైరస్‌ల బెడదకు అది తప్పదు. మీ యాంటీ-చీట్ నిన్న రాసుకున్న గుర్తు ఇవాళ ఉండదు, ఎవరో కావాలని చెరిపేశారని దానికి అనుమానం. ఈ విషయంలో మా వాళ్ళు చెయ్యాల్సిందీ ఉంది, చెప్తున్నాం కూడా: క్లోన్ చేసేటప్పుడు సిస్‌ప్రెప్ తప్పనిసరి, యాంటీ-చీట్ ఫోల్డర్‌ను ఫ్రీజ్ నుంచి మినహాయించాలి, పాత బోర్డు కొనేముందు యూయూఐడీ చూసుకోవాలి. మీ వైపు నుంచి కావలసింది, ఖాళీ నంబర్లను గుర్తింపుగా లెక్కలోకి తీసుకోకపోవడం, సెంటర్లను నమోదు చేసుకునే వీలివ్వడం. స్టీమ్‌కు పీసీ కేఫ్‌ల కోసం ప్రత్యేక ప్రోగ్రామ్ ఉంది. అలాంటిది మిగతావాళ్ళు పెట్టడం అసాధ్యమేమీ కాదు.

ఫోన్లలో ఇంతకంటే తిప్పలు. మా పక్క సగం మంది పిలకాయలు ఆడేది సెకండ్ హ్యాండ్ ఫోన్‌లోనో, బోర్డు మార్చిన ఫోన్‌లోనో. నీళ్ళలో పడి బోర్డు పోయిన ఫోన్‌కు, డిస్‌ప్లే పగిలిన అదే మోడల్ ఫోన్ బోర్డు తీసి వేస్తాం. ఆ బోర్డుతో పాటు పాత యజమాని ఫోన్ గుర్తింపు కూడా వచ్చేస్తుంది. అతను చీట్ వాడి డివైస్ బ్యాన్ తెచ్చుకుని ఉంటే, కొత్త యజమాని మొదటిసారి లాగిన్ కాగానే అకౌంట్ పోతుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోతుందిలే అని చెప్పేవాళ్ళున్నారు. ఆండ్రాయిడ్ ఐడీ రీసెట్‌తో మారుతుంది నిజమే, ఆండ్రాయిడ్ 8 నుంచి అది యాప్‌కొకటిగా కూడా ఉంటోంది. వీడియోల రక్షణకు ఫోన్‌లో ఉండే వైడ్‌వైన్ గుర్తింపు లాంటివి మాత్రం రీసెట్‌తో పోవు. ఫోన్ ఎప్పుడు కొన్నారో, బోర్డు ఎప్పుడు మార్చారో చూపే షాపు బిల్లు అందుకే ముఖ్యమైన ఆధారం. బిల్లు తారీఖుకూ, మీ దగ్గర ఆ డివైస్ మీద చీట్ నమోదైన తారీఖుకూ పొంతన చూస్తే చాలు, ఎవరి తప్పో తేలిపోతుంది. బిల్లు ఫొటో జతచేసి పంపిన టికెట్లకు కూడా అదే రెడీమేడ్ జవాబు వస్తున్నందుకే మాకు బాధ.

పాత ఫోన్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆగిపోతే కస్టమ్ రామ్ (బయటివాళ్ళు తయారుచేసిన ఆండ్రాయిడ్) ఎక్కించుకునేవాళ్ళూ ఉంటారు. బూట్‌లోడర్ (ఫోన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ అయిందని గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ (ఫోన్ సాఫ్ట్‌వేర్ మారిందా అని చూసే) పరీక్షలో ఫెయిల్ అవుతుంది. గేమ్ తెరవకుండా ఆపండి, అది మీ హక్కు. బ్యాన్ వేరే సంగతి. డ్యూయల్ యాప్స్, స్క్రీన్ మీద తేలే రికార్డర్, జీఎఫ్‌ఎక్స్ టూల్ (ఆట గ్రాఫిక్స్ మార్చేది), యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకున్న కాల్ రికార్డర్, ఆటో క్లిక్కర్, వీటన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. జీఎఫ్‌ఎక్స్ టూల్ గేమ్ ఫైళ్ళను మారుస్తుంది, అది తప్పేనని మేమే చెప్పి తీయిస్తాం. కాల్ రికార్డర్ గేమ్‌ను తాకదు. కంప్యూటర్‌లోనైతే ఫ్యాన్ వేగం, ఆర్‌జీబీ లైట్లు చూసే సాఫ్ట్‌వేర్‌తో గొడవ. వాటిలో చాలావాటిలో ఉండే విన్‌రింగ్0 అనే పాత డ్రైవర్‌లో భద్రతా లోపం ఉంది. 2025లో విండోస్ డిఫెండర్ కూడా దాన్ని ప్రమాదకరమని పట్టుకోవడం మొదలుపెట్టింది. లైట్ల రంగు మార్చుకున్నవాడికి తన సిస్టమ్‌లో అలాంటి డ్రైవర్ ఉందని ఎట్టా తెలుస్తుంది? "ఫలానా డ్రైవర్ ఉంది, తీసెయ్యండి" అని ఒక్క వాక్యం తెరమీద చూపించండి.

రెండోది డబ్బు లావాదేవీ. చీట్ ఆరోపణకంటే ఇది తేలిగ్గా తేలాల్సిన వ్యవహారం, కానీ ఇక్కడే టికెట్లు నెలల తరబడి నలుగుతున్నాయి. పిల్లవాడు నాన్న ఫోన్‌లో టాప్‌అప్ చేస్తాడు. 799 రూపాయలు పోయినట్టు మెసేజ్ చూసి ఆయన బ్యాంకుకు ఫోన్ చేసి "ఇది నేను చెయ్యలేదు" అంటాడు. బ్యాంకు ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి తీసుకోవడం) పెడుతుంది, మీ సిస్టమ్ దాన్ని మోసం కింద రాసుకుని అకౌంట్ మూసేస్తుంది. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు రీఫండ్ అడిగినా అంతే, ఆ కొనుగోలు రద్దయినట్టు గూగుల్ మీకు తెలియజేస్తుంది, వాడుకున్న యూసీ, డైమండ్లు (ఆట లోపల చెల్లే డబ్బు) మైనస్‌లోకి వెళ్తాయి. యూపీఐలో డబ్బు తెగి, సరుకు రాక, తర్వాత దానంతటదే వెనక్కి వచ్చే సందర్భం ఇంకొకటి. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు ఇలా ఇరుక్కుంటే 5 రోజుల్లో వెనక్కి ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు కలపాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే చెప్పింది. కస్టమర్ అడక్కుండానే వచ్చిన ఆ రివర్సల్‌ను మోసంగా చూడటం అన్యాయం. ఈ మూడింటికీ నివారణ ఒకటే: అకౌంట్‌ను తాత్కాలికంగా ఆపి, బాకీ ఎంతో చూపించి, కట్టే దారి చూపడం. కట్టడానికి తండ్రి సిద్ధంగా ఉన్నా, కట్టించుకునే చోటే లేదు.

తక్కువ రేటుకు డైమండ్లు అమ్మేవాళ్ళ దగ్గర కొని బ్యాన్ అయితే మాత్రం మేము మీ తరఫునే మాట్లాడతాం. వాళ్ళు దొంగ కార్డులతో కొంటారు, కార్డు యజమాని ఫిర్యాదు చెయ్యగానే దెబ్బ కొన్నవాడి మీద పడుతుంది. అలా కొనొద్దని షాపుల్లో బోర్డు పెట్టి మరీ చెప్తున్నాం.

నెట్ సంగతి క్లుప్తంగా. మొబైల్ డేటాలో, ఊళ్ళో కేబుల్ నెట్‌లో ఒకే పబ్లిక్ ఐపీ చాలా ఇళ్ళకు పంచుతారు. రౌటర్ వ్యాన్ (బయటి నెట్ వైపు) అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ కనెక్షన్ అలా పంచుకున్నదే. కాబట్టి ఐపీ మీద వేసిన బ్యాన్ ఒక వీధి మొత్తానికి తగులుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మాకు తుఫాన్ల కాలం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ తీరమంతా కరెంటు, ఫైబర్ తెగిపోయిన సంగతి మీ సర్వర్ లెక్కల్లో ఇప్పటికీ కనపడుతుంది. ఆటలో ఉన్నట్టుండి మాయమై మళ్ళీ వేరేచోట తేలినవాళ్ళందరూ ల్యాగ్ స్విచ్ (కావాలని నెట్ ఆపే మీట) వాడినవాళ్ళు కాదు. ఒకే ప్రాంతం నుంచి ఒకే గంటలో అందరూ పడిపోతే అది వాతావరణమని గుర్తించడం మీకు పెద్ద పని కాదు. చాట్ బ్యాన్ల విషయంలోనూ, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారని మీ ఫిల్టర్‌కు తెలియదు. "నిగ్గదీసి అడిగాను" అని రాసినా మొదటి అక్షరాలు చూసి జాతివివక్ష తిట్టనుకుంటుంది. తెలుగు చదవగలిగిన ఒక్క మనిషి చూస్తే క్షణంలో తేలే విషయం.

ఇక హ్యాక్ అయిన అకౌంట్లు. ఉచిత యూసీ అని వచ్చిన లింకులో పాస్‌వర్డ్ కొడతారు, వాడెవడో లాగిన్ అయి రెండు రోజులు చీట్లతో ఆడతాడు, బ్యాన్ అసలు యజమానికి పడుతుంది. "అకౌంట్ భద్రత మీ బాధ్యత" అనే మీ నియమం మాకు తెలుసు. అయినా కొత్త డివైస్, కొత్త ఊరు, పాస్‌వర్డ్ మార్పు, ఆ వెంటనే చీట్, ఈ వరస మీ లాగుల్లో స్పష్టంగా ఉంటుంది. దాన్ని చూసి, అకౌంట్ తిరిగిచ్చి, రెండంచెల లాగిన్ తప్పనిసరి చెయ్యండి.

ఇప్పుడు మా దగ్గర తయారయ్యే టికెట్ గురించి. అడ్డగోలుగా రాసిన అప్పీళ్ళతో మీకూ విసుగు పుడుతుందని తెలుసు. అందుకే పిలకాయలకు ఒక పద్ధతి నేర్పుతున్నాం, అలాంటి టికెట్ వస్తే దాన్ని వేరుగా పెట్టి చదవమని కోరుతున్నాం.

బ్యాన్ పడిన రోజు ముందు చెయ్యకూడనివి చెప్తాం. గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యొద్దు, ఫోన్ రీసెట్ చెయ్యొద్దు, విండోస్ ఫార్మాట్ చెయ్యొద్దు, ఎందుకంటే నిర్దోషి అని చూపే ఆధారమే చెరిగిపోతుంది. కొత్త అకౌంట్ తెరిచి ఆడొద్దు, బ్యాన్ తప్పించుకున్నాడని అసలైన కేసు అప్పుడు తయారవుతుంది. బ్యాన్ తీయిస్తామని టెలిగ్రామ్‌లో డబ్బు అడిగేవాళ్ళకు రూపాయి కూడా ఇవ్వొద్దు, ఇచ్చేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఒకే విషయం మీద పది టికెట్లు పెట్టొద్దు. చాలా కంపెనీల్లో కొత్త టికెట్ పాతదానిలో కలిసిపోయి వరసలో మళ్ళీ వెనక్కి వెళ్తుంది.

తర్వాత ఆధారాలు. బ్యాన్ తెర స్క్రీన్‌షాట్, అందులో ఎర్రర్ కోడ్, బ్యాన్ నంబర్, గడువు కనపడాలి. పేరు కాకుండా అంకెల్లో ఉండే ప్లేయర్ ఐడీ రాయాలి, పేర్లు మారతాయి, ఐడీ మారదు. చివరిసారి సవ్యంగా ఆడిన సమయం, బ్యాన్ చూసిన సమయం రెండూ రాయాలి, రెండు కాలమానాల్లో. మీ సర్వర్లు యూటీసీలో (అంతర్జాతీయ కాలమానంలో) రాసుకుంటాయి కాబట్టి మన రాత్రి 9:30 అంటే వాళ్ళకు సాయంత్రం 4:00. ఈ ఐదున్నర గంటల తేడా చూసుకోక, ఆ సమయంలో ఆటే నమోదు కాలేదు అని తిరుగు జవాబు వచ్చిన టికెట్లున్నాయి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, బిల్డ్ నంబర్. కంప్యూటర్ అయితే బోర్డు, గ్రాఫిక్స్ డ్రైవర్ వెర్షన్, ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్ మొత్తం జాబితా, దాచకుండా. కొనుగోళ్ళుంటే గూగుల్ ప్లే ఆర్డర్ నంబర్, అది జీపీఏ అని మొదలై పదిహేడు అంకెలుంటుంది. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబర్. బ్యాంకు ఖాతా నంబర్, కార్డు నంబర్ చెరిపెయ్యాలి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. ఆట రీప్లే దొరికితే వెంటనే సేవ్ చేసుకోవాలి, కొన్ని ఆటల్లో కొద్ది రోజులకే పోతుంది.

ఉత్తరం రెండు వందల మాటలు దాటకూడదు. తిట్లు, బతిమాలడాలు, "ఎన్నో ఏళ్ళుగా మీ ఆట ఆడుతున్నా" లాంటివి అక్కర్లేదు. మొదటి వాక్యంలో ఐడీ, బ్యాన్ తారీఖు. రెండో వాక్యంలో ఏం జరిగి ఉంటుందని అనుకుంటున్నారో ఒకే ఒక కారణం. ఆ తర్వాత దానికి ఆధారం. చివర అడిగేది సూటిగా: "ఈ డివైస్ మీద చీట్ నమోదైన తారీఖు నేను ఫోన్ కొన్న తారీఖు కంటే ముందుదా, తర్వాతదా చూసి చెప్పండి." అవును, కాదు అని తేల్చగలిగిన ప్రశ్న అడిగితే రెడీమేడ్ జవాబుతో మూసెయ్యడం కష్టం. సెంటర్‌లో సిస్టమ్ పంచుకున్నా, అన్నదమ్ములు ఒకే ఫోన్ వాడినా ముందే చెప్పెయ్యాలి. తర్వాత బయటపడితే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు. చీట్ వాడినట్టు మాకు అనుమానం వస్తే ఆ టికెట్ రాయడానికి సాయం చెయ్యం.

ఏ గుమ్మం తట్టాలో కూడా చెప్పాల్సి వస్తోంది. స్టీమ్‌లో వీఏసీ (వాల్వ్ యాంటీ-చీట్) బ్యాన్‌ను సపోర్ట్ సిబ్బంది తీసెయ్యలేరు, పొరపాటని తేలితే అదే తొలగిపోతుందని వాళ్ళ నియమం. అదే స్టీమ్‌లో "గేమ్ బ్యాన్" అని ఉంటే అది ఆట తయారుచేసిన కంపెనీ వేసింది, అప్పీలు వాళ్ళకే పెట్టాలి. ఆట ఒకరిది, యాంటీ-చీట్ ఇంకొకరిది అయినప్పుడు ఒకరు రెండోవాళ్ళను చూపిస్తారు, రెండోవాళ్ళు మొదటివాళ్ళను చూపిస్తారు. బ్యాన్ తెరమీదే "అప్పీలు ఇక్కడ" అని ఒక లింకు ఉంటే ఈ తిరుగుడు ఉండదు.

మీ వైపు లోపాల్లో మాకు అన్నిటికంటే కష్టంగా తోచేది, టికెట్ పెట్టాలంటే లాగిన్ కావాలనడం. సపోర్ట్ బటన్ ఆట లోపల ఉంటుంది, బ్యాన్ అయినవాడు ఆట లోపలికి పోలేడు. సపోర్ట్ సైట్‌కు వెళ్తే అదే అకౌంట్‌తో లాగిన్ అవమంటుంది. ఇంటి తాళం లోపల పెట్టి తలుపు వేసినట్టుంది. ఈమెయిలుకు వచ్చే ఓటీపీతో, లాగిన్ లేకుండా టికెట్ పెట్టే ఫారం ఒకటి చాలు.

తర్వాతది, మొదట జవాబిచ్చే ఉద్యోగికి యాంటీ-చీట్ ఆధారం చూసే అధికారమే ఉండకపోవడం. బ్యాన్ పడిందా లేదా అన్నది మాత్రమే వాళ్ళ తెరమీద కనపడుతుంది, పడింది కాబట్టి సరైనదే అని రాస్తారు. ఆ ఉద్యోగి మీద మాకు కోపం లేదు. అతని పైన, బ్యాన్ వేసినవాళ్ళు కాకుండా వేరొకరు, ఆధారం చూడగలిగినవాళ్ళు ఉండాలి. చీట్ ఎలా పట్టుకున్నారో మాకు చెప్పనక్కర్లేదు. చెబితే చీట్ తయారుచేసేవాళ్ళు తప్పించుకుంటారన్న మీ వాదన న్యాయమైనదే, బ్యాన్లను కొన్నాళ్ళు ఆపి ఒకేసారి వెయ్యడం కూడా అందుకేనని తెలుసు. రకం చెప్పండి చాలు: సాఫ్ట్‌వేరా, డబ్బు వ్యవహారమా, చాటా, డివైస్ పాత చరిత్రా, ఇంకో అకౌంట్‌తో సంబంధమా. ఏ వారంలో జరిగిందో చెప్పండి. ఈ రెండు ముక్కలు తెలిస్తే పొరపాటు పడినవాడు తన ఆధారం చూపగలడు. దీనివల్ల చీటర్‌కు ఏ రహస్యమూ అందదు.

విచారణ నడిచినన్నాళ్ళు అకౌంట్ చెరపకండి. బ్యాన్ ఎత్తేశాక సీజన్ పాస్‌లో (కొన్నాళ్ళ గడువుతో కొనే పాస్‌లో) పోయిన రోజులు కలపండి. ప్రొఫైల్ మీద బ్యాన్ గుర్తు పూర్తిగా తీసెయ్యండి. స్థానిక టోర్నమెంట్లలో ఆ గుర్తు చూసి జట్టులోకి తీసుకోవడం లేదు. పొరపాటు జరిగిందని ఒక ఈమెయిలు కూడా పంపండి. స్నేహితుల ముందు, ఇంట్లో తల్లిదండ్రుల ముందు దొంగ అనిపించుకున్న పదిహేనేళ్ళ పిల్లవాడికి పోయిన స్కిన్లకంటే (పాత్రల వేషాలకంటే) ఆ ఈమెయిలే ఎక్కువ.

మన చట్టాలేమంటున్నాయో కూడా రాస్తున్నాం, తల్లిదండ్రులు చదువుతారు కాబట్టి. 2021 ఐటీ నిబంధనలు వచ్చినప్పుడే, వాటి పరిధిలోకి వచ్చే వేదికలు గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టాలని, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని అన్నాయి. ఆ అధికారి జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్ళొచ్చు. డబ్బు కట్టి కొన్నవాళ్ళకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. తేలకపోతే నెల్లూరులో, ఒంగోలులో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్లు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. పిల్లలు మైనర్లైతే తల్లో తండ్రో వెయ్యాలి. తగిన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దుచేసే షరతును ఆ చట్టం అన్యాయమైన ఒప్పందాల నిర్వచనంలో చేర్చింది, ఆ అంశం మీదైతే రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. 300 రూపాయల పాస్ కోసం కమిషన్ మెట్లెక్కాలని ఎవరికీ ఉండదు. టికెట్ దగ్గరే తేలాలన్నది మా కోరిక.

మా సెంటర్లలోని సిస్టమ్‌ల బోర్డు వివరాలు, ఏ నెట్ కనెక్షన్ ఎంతమందికి పంచామన్న సమాచారం, బోర్డు మార్చిన ఫోన్ల బిల్లులు, ఆయా యజమానులు ఒప్పుకుంటే, మీకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఇంగ్లీషులో రాయమంటే రాస్తాం. ఎవరికి పంపాలో తెలియాలి. ఇండియాలో మీ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, ఈమెయిలు ఎక్కడో షరతుల పేజీ అడుగున కాకుండా లాగిన్ తెర మీదే పెట్టండి.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల గేమింగ్ సెంటర్లు, సెల్ రిపేరు షాపులు, కేబుల్ నెట్ నిర్వాహకులం